ఉల్లిపొట్టు రంగు పేక

"పటిక జర తక్కువేసినవ్. రంగు నిలువది," అన్నాడు మా ఆయన.

"నువ్వు మగ్గం చూస్కో. గంగాళం కాడ నీ సర్పంచ్‌గిరి వద్దు," అన్నాను.

మేమిద్దరం చివరిసారి మాట్లాడుకున్నది ఇంతే. నేను దొడ్లో ఉల్లిపొట్టు ఉడకబెడుతున్నాను, ఆయన లోపల చీర నేస్తున్నాడు. కాసేపటికి మగ్గం చప్పుడు ఆగింది. చాయ్ కోసం ఆపాడనుకున్నాను. పోయి చూస్తే మగ్గం మీది పడుగు దారాల మీదికి ఒరిగి ఉన్నాడు. ఆటోలో వేసుకొని దవాఖానకు పోయేసరికే ప్రాణం లేదు.

రాస్తున్నావా బిడ్డా? నా చెల్లె కూతురివి, చదువుకున్నదానివి. నాకు సంతకం దాకానే వచ్చు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి.

ఉల్లిపొట్టులో రంగుందని మాకు నేర్పింది పట్నంలో చీరల దుకాణం నడిపే మేడం. మా ఊరి నుంచి ఆలేరు పోయే రోడ్డు మీద ఒక షెడ్డు ఉంది. బిర్యానీ హోటళ్ళకు ఉల్లిగడ్డ కోసి, నూనెలో ఎర్రగా వేయించి పంపుతారు. ఆడవాళ్ళు పొద్దంతా పొట్టు తీస్తుంటారు. ఆ పొట్టు షెడ్డు వెనక కుప్పపడి ఉండేది, బర్రెలు కూడా మూతి పెట్టేవి కావు. నూలును కరక్కాయ నీళ్ళలో, పటిక నీళ్ళలో నానబెట్టడం, పొట్టు ఉడికించి వడగట్టడం, నూలు ముంచి నీడలో ఆరేయడం మేడమే దగ్గరుండి చూపింది. మొదటిసారి నూలు గంగాళంలో నుంచి తీస్తే బంగారు వన్నె. మా ఆయన వాడకట్టంతా పిలిచి చూపించాడు. "పుస్తెలతాడు చేయించుకుంటవా?" అని నన్ను ఆటపట్టించాడు.

అప్పటి నుంచి షెడ్డు తెరిచే వేళకు పోయి గోనెసంచి నింపుకొచ్చేదాన్ని. సేటు నన్ను చూసి, "మా లచ్చిమి వచ్చింది, ఊడ్చే కూలి తప్పింది," అనేవాడు.

ఆయన పోయేనాటికి మగ్గం మీద చీర సగమే అయింది. పడుగు తెల్లది, అడ్డంగా నేసే పేక మాత్రం పొట్టు రంగుది. ఆ రోజు గంగాళంలో ఉడుకుతున్న పొట్టు పొయ్యి మీదే మాడిపోయింది, రంగు వేసిన పేక నూలు కొంచెమే మిగిలింది. పడుగు కోసి తీసెయ్యమన్నారు మా వాళ్ళు. కోయనిస్తానా? నాకూ మగ్గం వచ్చు. ఆయన మొదలుపెట్టిన చీర అదే రంగులో నా చేత్తో పూర్తి కావాలి. దానికి ఆ షెడ్డు పొట్టే కావాలి. ఇంట్లో కూరకు తీసిన పొట్టు గుప్పెడన్నా కాదు. అంగడిలో ఏరుకొచ్చిందాంట్లో మన్ను కలిసి నూలు మాసిన ధోతి రంగు తేలింది.

దినాలు అయ్యాక పొద్దున్నే సంచి పట్టుకొని షెడ్డుకు పోయాను. సేటు దేవుడి పటానికి ఊదుబత్తులు ముట్టిస్తున్నాడు. నన్ను చూసి చేయి ఆపాడు.

"గిదేంది, పొద్దుగాల్నే ఎదురొస్తున్నవ్? ఇంకా బోణీ గాలే."

"పొట్టు కోసమొచ్చిన సేటూ."

"పొట్టు యాడికి పోతది? పది గొట్టినంక రా. నీకు తెల్వదా, నేను చెప్పాల్నా?"

పదికి పోతే కుప్ప లేదు. నేల నున్నగా ఊడ్చి ఉంది. మందుల కంపెనీ ఒకటి ఉల్లిపొట్టులోని సత్తువ తీసి గోలీల్లో కలుపుతుందట. ఇప్పుడు వాళ్ళ బండి తొమ్మిదికే వచ్చి ఎత్తుకుపోతుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ముందు పోతే నేను అపశకునం, తర్వాత పోతే పొట్టు లేదు.

ఇక ఓ పొద్దున గేటు ముందే నిలబడ్డాను.

"ఒక్క సంచి ఇయ్యి సేటూ. ఒక్క చీరకే."

"కంపెనోళ్ళు తూకానికి కొంటున్నరు. నీకు ఊకెనే ఎట్లిస్త?"

"నేను గూడ కొంట. తూకమెయ్యి."

"బోణీకి నీ చేతి పైసల్ పట్టుకోవాల్నా? జరుగు, బండి తియ్యాలె."

"గిదే మొఖం గదా సేటూ, నిరుడు లచ్చిమన్నవ్!"

"అప్పుడు వేరే, ఇప్పుడు వేరే. లొల్లి చెయ్యకు."

లోపల పొట్టు తీసే ఆడవాళ్ళు తల ఎత్తలేదు. అందరి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. అవి నా కోసం కాదు, ఉల్లిగడ్డకు. వాళ్ళలో ఇద్దరు నాలాగే మొగుడు పోయినవాళ్ళు. వాళ్ళను వెనక తలుపు నుంచి రానిస్తారని తర్వాత తెలిసింది.

మిగిలిన పసుపు పేక అయిపోయే దాకా నేశాను. ఆ తర్వాత రంగు వేయని తెల్ల నూలే వేసి, చివరిదాకా నేసి దింపాను.

మేడం వచ్చింది. చీర విప్పి, పసుపు ఆగి తెలుపు మొదలైన చోట వేలు పెట్టింది.

"అబ్బ, ఎంత బాగుంది! ఈ ఐడియా ఎవరిదమ్మా? ఇలాగే ఇంకో పది కావాలి."

"గిట్ల నెయ్యాల్నంటే మొగడు సగంల సావాలె మేడం. పదిసార్లు ఎట్ల ముండమోసేది?"

ఆయన పోయిన సంగతి మేడంకు తెలుసు. మగ్గం మీదే, ఆ చీర మీదే పోయాడని తెలియదు. ముఖం మాడిపోయింది, నా చేతులు పట్టుకుంది. తెలియక అన్నది, సేటు తెలిసే అన్నాడు. అయినా సేటు అన్న పూటా నాకు అన్నం దిగలేదు, మేడం అన్న పూటా దిగలేదు.

చీర అమ్మలేదు. మళ్ళీ పడుగు ఎక్కించలేదు. పక్క ఊరి మగ్గాలకు కండెలు చుట్టి బతుకుతున్నాను, అంతా బజారు రంగుల నూలు. అక్కడికి పోవడానికి పొలాల మీదుగా దగ్గర దారి ఉంది. నేను షెడ్డు గేటు ముందు నుంచే పోతాను. బోణీ వేళకే పోతాను.

ఇంతే బిడ్డా. ఏదీ, మొదటికెల్లి సదివి ఇనిపియ్యి. నడుమ నీ మర్యాద మాటలు ఏమన్న కలిపినవేమో సూస్త.