గాడిలో మిగిలిన రబ్బరు రింగు

మా మామయ్య పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ యజమాని దగ్గర చాలా ఏళ్ళు డ్రైవరుగా పనిచేశారు. ఆయన పని మానేసే రోజున, ఇన్నాళ్ళూ నడిపిన ఆ పాత తెల్ల కారు తాళం ఆయన చేతిలోనే పెట్టి, ఇంటికి తీసుకుపొమ్మన్నారట యజమాని. అలా తొంభైల మొదట్లో లక్డారంలోని మా వాకిట్లోకి కారు వచ్చింది. నేను కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్ళు. రోజూ పొద్దున్నే బస్సెక్కి నీళ్ళ పంపులు చేసే ఫ్యాక్టరీకి వెళ్ళేదాన్ని. పంపు మూత బిగించే ముందు దాని గాడిలో రబ్బరు రింగు సరిగ్గా కూర్చోబెట్టడం నా పని.

ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఏ ఇంటి పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపాలన్నా మామయ్య కారే కదిలేది. ఆయనకున్న బాధ ఒక్కటే. కారు ఆగిన చోటల్లా కింద నల్లగా ఆయిల్ కారేది. అందుకని డిక్కీలో ఒక అట్టముక్క పెట్టుకున్నారు. ఎవరింటికి వెళ్ళినా ముందు దిగి ఇంజిను కింద అట్ట పరిచి, ఆ తర్వాతే వాళ్ళను పలకరించేవారు.

ఎక్కడ కారుతోందో ఆయనకు తెలుసు. ఇంజిను పక్కన చెంబులాంటి ఇనుప గిన్నె ఉంటుంది, దాని లోపల ఆయిల్ ఫిల్టరు. ఆ గిన్నె అంచు ఇంజినుకు ఆనుకునే చోట కారేది. ఏడాది కింద ఫిల్టరు మార్చినప్పటి నుంచే అలా. మార్చింది పటాన్‌చెరు రోడ్డు మీద షెడ్డున్న ఒక మెకానిక్ భాయ్ దగ్గర. ఇద్దరూ పాత దోస్తులు. అయినా, నువ్వు సరిగా బిగించలేదని ఈయన, నా పనికి పేరుపెడతావా అని ఆయన, మాటామాటా పెరిగి ఏడాదిగా మాటల్లేవు. షెడ్డు ముందు నుంచి వెళ్ళేటప్పుడు మామయ్య అటు చూసేవారే కాదు.

ఒకసారి ఇంద్రేశంలో మా దూరపు చుట్టాల ఇంట్లో నిశ్చితార్థానికి వెళ్ళాం. ఆయిల్ అట్ట దాటి పోయి, పొద్దున వేసిన ముగ్గు మీదికి పారింది. ఆ ఇంటావిడ బూడిద తెచ్చి చల్లి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా ఆయన అంత బాధపడేవారు కాదేమో. ఇంటికొచ్చి కారు మీద టార్పాలిన్ కప్పేశారు.

"ఇగ దీన్ని బయటికి తియ్య," అన్నారు.

నాలుగు వారాలు తియ్యలేదు. ఐదో ఆదివారం నేను బట్టలు ఆరేస్తుంటే చూశాను. టార్పాలిన్ పక్కన పడి ఉంది, మామయ్య కారు కింద పడుకుని గిన్నె విప్పుతున్నారు. కొత్త రబ్బరు రింగు తెచ్చుకున్నారు.

"ఎన్ని రింగులు మార్చినా గంతే. ఎంత గట్టిగ బిగిస్తే అంత కారుతది," అన్నారు బయటికి వస్తూ.

ఆ మాట వినగానే నా చేతిలో బట్ట అలాగే ఆగింది. పంపుల దగ్గర అదే జరుగుతుంది, గాడిలో ఏదైనా అడ్డు ఉన్నప్పుడు.

"మామా, నేను జెర చెయ్యి పెట్టి చూడనా?"

"నీకెందుకు బిడ్డా, చీర కరాబైతది."

"కానీయి మామా."

టార్చిలైటు వేసి చూస్తే గిన్నె అంచు ఆనుకునే గాడి శుభ్రంగానే కనిపించింది, నల్లగా, నున్నగా. వేలితో తడిమితే మాత్రం లోతు లేదు. జడలోని పిన్ను తీసి అంచున గుచ్చి లాగాను. ఇనుము అనుకున్నది కొద్దిగా పైకి లేచింది. ఎండి గట్టిపడిన పాత రింగు. విరిగిపోతూ ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇన్నాళ్ళూ దాని మీదే కొత్త రింగులు పెడుతూ వచ్చారు.

గాడి తుడిచి, కొత్త రింగుకు ఆయిల్ రాసి, చుట్టూ వేలితో నొక్కి కూర్చోబెట్టాను. గిన్నె మామయ్య బిగించారు. ఆయిల్ పోసి స్టార్ట్ చేసి ఇద్దరం కింద కూర్చుని చూశాం. చుక్క పడలేదు.

సంతోషిస్తారనుకున్నాను. ఆయన ఆ నల్ల ముక్కలు అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఫిల్టరు మార్చిన దినం జుమ్మా. భాయ్ నమాజుకు పోయిండు. వచ్చేదాక ఆగలేక రింగు నేనే ఏసిన బిడ్డా. తప్పు ఆయన మీద ఏసిన."

అప్పటికప్పుడు చొక్కా మార్చుకున్నారు. నన్నూ కారెక్కమన్నారు. షెడ్డు ముందు కారు ఆపి, దిగి, ఆ ముక్కలు భాయ్ ముందున్న బల్ల మీద పెట్టారు.

"తప్పు నాదే భాయ్. పాతది తియ్యకుండ కొత్తది పెట్టిన."

భాయ్ కళ్ళద్దాలు పెట్టుకుని ముక్కలు చూశారు, మామయ్యను చూశారు.

"అరె, నేను గూడ సూడకుండ గిన్నె బిగించిన గదా. గింత రింగు కోసం ఏడాది పరేషాన్ అయినం." కుర్చీ లాగి వేశారు. "కూసో. తీసింది ఎవరు?"

"మా కోడలు."

"మరి బండి గూడ ఆమెకే నేర్పు," అన్నారు భాయ్, చాయ్ చెప్పి.

ఆయన నవ్వులాటకే అన్నారు. మామయ్య నిజమే అనుకున్నారు. మరుసటి ఆదివారం నుంచి ఇంద్రేశం దగ్గర, హద్దురాళ్ళు పాతి ఇంకా ఇళ్ళు కట్టని ఖాళీ ప్లాట్ల మధ్య నాకు స్టీరింగు ఇచ్చారు. క్లచ్ వదలడం రాక కారు ఎగిరెగిరి పడేది. పక్కన కూర్చుని డాష్‌బోర్డు పట్టుకుని, "మెల్లగ బిడ్డా, మెల్లగ, ఏం కాదు," అంటూనే ఉండేవారు. నాకు డ్రైవింగు వచ్చిందంటే ఆ ఓపిక వల్లే.