కుక్కలు కాసిన మా చిన్నాయన

మా చిన్నాయన పోయాడు. పోయిన నెల ఒక పొద్దున, ఈ అరబ్బు దేశంలో, వఫ్రా తోటలో పావురాలకు గింజలు వేస్తూ వేస్తూ కూలబడ్డాడట. తోటలో పనిచేసే బంగ్లాదేశ్ అతను నాకు ఫోన్ చేసేసరికి నేను షువైఖ్‌లో బండి బాగుచేయిస్తున్నాను. ఆస్పత్రి చేరేలోపే అంతా అయిపోయింది. శవపెట్టె ఊరికి పంపే పనులన్నీ బాబా దగ్గరుండి చేయించాడు. బాబా అంటే మా కఫీల్, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, పెద్దాయన. ఆయన ఇంట్లో నేను డ్రైవర్ని, ఆయన తోటలో చిన్నాయన.

దినం నాడు ఖైతాన్‌లో మా కడప వాళ్ళుండే గదిలో కూర్చున్నాం. మంచోడు అన్నారు, ఎవరి జోలికీ పోనోడు అన్నారు. అందరూ లేస్తుండగా ఒకాయన, "ఊర్లో గొర్లు కాసినాడు, ఈడికొచ్చి కుక్కలు కాసినాడు. ఏం బతుకబ్బా" అని నిట్టూర్చాడు. చావు మాటల మధ్య గొడవెందుకని ఆ పూట నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను. అవును, కాశాడు. ఎట్లా కాశాడో చెబుతాను, వినండి.

బాబా కొడుక్కి వేట పిచ్చి. చలికాలంలో స్నేహితులతో వేరే దేశాలకు పోయి, మన వైపు కౌజులంటామే, ఆ జాతి పిట్టలను కొడతారు. అందుకోసం, కొట్టిన పిట్టను వెతికి తెచ్చే రిట్రీవర్ జాతి కుక్కపిల్లను ఒకదాన్ని తెప్పించాడు. గోధుమ రంగుది, ఆడది. దాని కాగితాల్లో ఏదో దొరసాని పేరుంది. చిన్నాయన మాత్రం మొదటి రోజు నుంచే "పాప" అన్నాడు. డ్రిప్పు పైపులు చూసుకునే మనిషికి దాన్నీ అప్పగించారు.

గొర్రెల వెంట పెరిగినవాడు కదా, కుక్కంటే మంద కాసేదే అనుకున్నాడు. మూడు నాలుగు నెలలు కష్టపడి తర్ఫీదిచ్చాడు. చూద్దామని బాబా కొడుకు తన స్నేహితులతో వచ్చి జత్తు అనే మేతగడ్డి మడిలో కౌజులను వదిలాడు. పాప వాటిలో ఒక్కదాన్నీ గాల్లోకి లేపలేదు. చుట్టూ తిరిగి, అన్నిటినీ మెల్లగా తోలుకొచ్చి, కంచె మూలన గొర్రెపిల్లల్లా నిలబెట్టి, చిన్నాయన వైపు చూసింది. వాళ్ళు పడీపడీ నవ్వారు. చిన్నాయనా నవ్వాడు. "నాకొచ్చిన పని దానికీ నేర్పినా. ఇంగ దానికి కావాల్సింది నేను నేర్చుకుంటా" అన్నాడు.

అంతటితో పోతే బాగుండేది. ఆ నవ్వుల్లోనే ఒకడు పాప నెత్తి మీదుగా తుపాకీ పేల్చాడు. అది నీళ్ళ ట్యాంకరు కిందికి దూరింది, సాయంత్రం దాకా రాలేదు. ఆ తర్వాత తలుపు గట్టిగా పడినా వణికేది. తుపాకీకి బెదిరే కుక్క వేటకెందుకని, ఎవరికైనా ఇచ్చేయమన్నాడు కొడుకు. లేదంటే ఇది కట్టమని, మెడకు కరెంటు తగిలించే పట్టీ ఒకటి తెచ్చిచ్చాడు.

చిన్నాయన దాన్ని పావురాల గూటి మేకుకు తగిలించి, సరాసరి బాబా దగ్గరికి పోయాడు. వెనకే నేనూ పోయాను, ఎక్కడ తిట్లు తింటాడోనని. "భయానికి భయం మందు కాదు బాబా. మళ్ళా చలి మొదలయ్యేదాకా నాకు ఇడ్సండి. అప్పటికీ బెదిరితే నా ఇఖామా ఖలాస్ చేసి నన్ను పంపీండి" అన్నాడు. ఇఖామా పోతే ఈ దేశంలో ఉండే అనుమతి పోయినట్టే, ఇంటి దగ్గరేమో కూతురి చదువు సగంలో ఉంది. అయినా అన్నాడు. బాబా సరేనని తలూపాడు.

ఆ ఎండాకాలమంతా సూర్యుడు పైకి రాకముందే మడిలో ఉండేవాడు. నేను తోటకు పోయిన రోజుల్లో, పాప అన్నం తింటుంటే, చప్పుడు అలవాటు కావాలని తోట ఆ చివర నుంచి నాచేత పళ్ళెం కొట్టించేవాడు. తోక ఊగుతుంటేనే ఒక అడుగు ముందుకు రానిచ్చేవాడు. తోక ఆగిందా, నన్ను వెనక్కి పొమ్మనేవాడు. గాలికి ఎదురు నడిపి, తుపాకీ అందేంత దూరంలోనే అటూ ఇటూ వెతకడం నేర్పాడు. పిట్ట లేస్తే "కూచో". ఎంత ఆశ పుట్టినా "పో పాపా" అనేదాకా కదలకూడదు. తెచ్చిన పిట్ట ఈక నలగకూడదు. "నోట్లో ఉండేది దాని కూడు కాదు, మన నమ్మకం" అనేవాడు.

చలి వచ్చింది. పాప తుపాకీ చప్పుడుకు రాయిలా కూర్చుంది. కొడుకు సంబరపడ్డాడు గానీ, కుక్క తెలుగులో తప్ప వినకపోవడం ఆయనకు నామోషీ అయింది. మాటలు మార్చమన్నాడు. చిన్నాయన మార్చనన్నాడు. "బెదురు పోయింది ఈ మాటల మీదనే. ఇవి తీసేస్తే మళ్ళా ట్యాంకరు కిందికే పోతాది. రెండు మాటలు, మీరే నేర్చుకోండి." కొడుకు నేర్చుకోలేదు. ఆయన వేటకు పోయినప్పుడల్లా చిన్నాయననూ వెంట తీసుకుపోవాల్సి వచ్చింది. పని వదిలేసి ఊరికి పోతానంటాడేమోనని కఫీల్ కొడుకు భయపడిన కూలి మనిషిని మీరెవరైనా చూశారా? నేను చూశాను.

చిన్నాయన పోయాక, ఇక కుక్క ఎవరి మాటా వినదు, ఇచ్చేద్దాం అని మళ్ళీ మొదలుపెట్టాడు కొడుకు. నాకు ఒళ్ళు మండింది. శుక్రవారం తోటకు రండి, చూసి అప్పుడు చెప్పండి అన్నాను. డ్రైవరు అనాల్సిన మాట కాదు. అన్నాను.

వచ్చారు. చేతికర్రతో బాబా కూడా వచ్చాడు. పాప ముక్కు ఎత్తి గాలి పట్టి, మడిలో అటూ ఇటూ తిరిగింది. కౌజు లేచింది. కొడుకు పేల్చాడు. పిట్ట దూరంగా గడ్డిలో పడింది. పాప కూర్చుంది. వణకలేదు, వెనక్కి చూడలేదు. మాట కోసం కాచుకుని ఉంది.

మాట చెప్పాల్సింది నేను. నోరు తెరిచాను, ఏడుపు అడ్డం పడింది. అది అట్లాగే కూర్చుని ఉంది, ఒళ్ళంతా బిగబట్టి.

అప్పుడు నా పక్క నుంచి ఒక ముసలి గొంతు, అరబ్బు యాసలో, నెమ్మదిగా అంది.

"పో పాపా."

పాప పరుగెత్తింది. బాబా కర్ర మీద రెండు చేతులూ ఆనించి, కదులుతున్న గడ్డినే చూస్తూ నిలబడ్డాడు.