గోడ మీద సుద్ద గుర్తు

ఎనభైల్లో మా దర్శి ప్రాంతంలో వాలీబాల్ ఆడని ఊరు లేదు. మిరపకాయలు ఎత్తేశాక ఆ కళ్లంలోనే గుంజలు పాతి నెట్ కట్టేవాళ్లం. నేను షూటర్ని. నాకు బంతి లేపి ఇచ్చే బూస్టర్ మా ఊరి పరుపుల కొట్టువాడు. తాతల నాటి నుంచీ వాళ్ల ఇంట్లో దూది ఏకడమే పని. మనిషి పొట్టి. నెట్‌కి జానెడు పైన, నేను గాల్లో ఉండగానే, బంతి నా అరచేతి ముందుకు వచ్చేసేది. నేను కొట్టడమే తరువాయి. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం.

ఒక వేసవిలో జిల్లా పురుషుల జట్టుకి ఎంపికలని తెలిసి తొలి బస్సుకి ఒంగోలు వెళ్లాం. అప్పటికే ఇద్దరం పెళ్లాం పిల్లలున్నవాళ్లం.

ఎంపిక చేసేది ఒక పెద్ద వయసు డ్రిల్లు మాస్టారు. ముందు పరిగెత్తించారు. తర్వాత వేళ్లకి సుద్దపొడి రాసుకుని, గోడ పక్కన ఎగిరి గుర్తు పెట్టమన్నారు. బావ ఎగిరినప్పుడు చూస్తున్నవాళ్లు "అబ్బో" అన్నారు. నేల మీద నుంచి అంతెత్తు లేచినవాడు ఆ రోజు మరొకడు లేడు. కానీ మాస్టారు చూసింది సుద్ద ఎక్కడ అంటిందనే. నా గుర్తు అందరికన్నా పైన పడింది. నేను పెద్దగా ఎగిరింది లేదు, అది మా నాన్న పొడుగు.

ఆటలో మమ్మల్ని చెరో వైపు వేశారు. కొత్త బూస్టర్ లేపిన బంతుల్లో సగం నెట్‌కే కొట్టాను. అయినా నన్నే తీసుకున్నారు.

"మావాడు లేపితేనే నా ఆటండీ. ఇద్దర్నీ ఒక్కసారి ఒకే పక్క ఆడించి చూడండి" అని బతిమాలాను.

"నీ ఎత్తుకి ఆట నేర్పచ్చయ్యా. అతని ఆటకి ఎత్తు ఎక్కడ నుంచి తెచ్చేది?" అన్నారాయన. విసుగేమీ లేదు ఆ గొంతులో.

అయితే నేనూ ఆడనన్నాను. బావ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"ఒరేయ్, పిచ్చి వేషాలెయ్యమాక. మనూరి నుంచి ఒక్కడన్నా పోవాల గదా. నువ్వు పో."

వెళ్లాను. ఆ పోటీల్లో ఎక్కువసేపు గీత బయటే కూర్చున్నాను.

తిరిగి వచ్చాక బావ నా వెంటపడ్డాడు. "ఆళ్లు బంతి ఎట్టా లేపుతున్నార్రా? చూపించు."

ఉత్సాహంగా చూపించాను. మరుసటి ఏటి కోసం అలాగే సాధన చేశాడు. కొన్నాళ్లకి అతని బంతి అందరి బంతిలా ఎత్తుగా, నిదానంగా రావడం మొదలైంది. నేను లేచేసరికి అది ఇంకా పైనే ఉండేది. పాత పద్ధతిలోనే లేపరా అన్నాను. ఎన్నో సాయంత్రాలు ప్రయత్నించాడు.

"రావట్లేదురా బావా. వేళ్లు మర్చిపోయినయ్" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మరుసటి ఏడు పెళ్లిళ్ల పరుపులు కుట్టాలని అతను ఎంపికలకి రాలేదు. నేనూ వెళ్లలేదు. ఆ తర్వాత అతను కనిగిరిలో కొట్టు పెట్టుకుని ఊరు విడిచాడు.

ఒకసారి పని మీద కనిగిరి వెళ్లి కొట్టు దగ్గర ఆగాను. బావ మీసాల మీద దూది ఉంది. టీ తెప్పించాడు.

"ఆడతన్నావా?"

"లేదురా. నువ్వు?"

తల అడ్డంగా ఊపి, టీ చల్లారిపోతోంది తాగమన్నాడు.