గుండె లయ తప్పినప్పుడు చెప్పని మాట

జనవరి నెల, రెండో ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఉన్నవారు: నేను, నాతో పరుగెత్తే మల్లేశ్, సర్వీస్ రోడ్డు పక్కన కారులో సీటు వాల్చుకుని నిద్రపోతున్న ఒక క్యాబ్ డ్రైవరు.

డైరీలో ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారో రాయడం నాకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అలవాటు. ముక్కూమొహం తెలియని డ్రైవరును కూడా అందుకే రాశాను. ఆ ఉదయం నాకేమైనా అయివుంటే సాయానికి ఉన్నది వాళ్లిద్దరేనని అప్పుడు తోచలేదు.

నేను గగన్‌పహాడ్ దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. మాది మంఖాల్ వైపు వ్యవసాయ కుటుంబం. ఇప్పుడు ఉండేది శంషాబాద్‌లో. బీపీ ఉందని డాక్టరు నడవమంటే నడిచాను. నడక పరుగు కావడానికి కారణం మల్లేశ్. అతను మా వీధిలోనే ఉంటాడు, ఎయిర్‌పోర్టుకు సొంత క్యాబ్ నడుపుతాడు, నా కొడుకు వయసు. రోజంతా కూర్చుని నడుము పట్టేస్తోందని పరుగు మొదలుపెట్టి, తోడు కోసం నన్ను లాగాడు. తర్వాత ఇద్దరం పందేలకు పేర్లిచ్చాం. హాఫ్ మారథాన్లు పూర్తి చేశాం. అరవై దాటాక దొరికిన సంతోషం కాబట్టి దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

ఆ ఆదివారం ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఛాతీలో ఏదో టకటకలాడింది. వోల్టేజీ పడిపోయినప్పుడు ప్యానెల్‌లో కరెంటును కలిపే కాంటాక్టరు స్విచ్చి అంటుకోలేక, విడవలేక కొట్టుకుంటుంది. అలా ఉంది. నొప్పి లేదు. కాళ్లలో సత్తువ మాత్రం ఒక్కసారిగా పోయింది. ఆగిపోయాను.

“ఏంది బాపు, ఆగినవ్?” అన్నాడు మల్లేశ్.

లేసు ఊడిందన్నాను. వంగి, ఊడని లేసును విప్పి మళ్లీ కట్టుకున్నాను. ఆలోపు టకటక తగ్గింది. లేచి పరుగెత్తాను. ఏమీ కాలేదు.

ఎందుకలా చేశానో మా పని తెలియనివాళ్లకు చెప్పాలి. ఏదైనా ఫీడర్ ట్రిప్ అయితే, అంటే ఒక లైన్‌కు కరెంటు దానంతటదే తెగిపోతే, ఆపరేటరు కంగారు పడడు. కొంచెం ఆగి, ఒకసారి చార్జ్ చేసి, అంటే లైన్‌కు మళ్లీ కరెంటు ఇచ్చి చూస్తాడు. నిలబడితే అది గాలికి కొమ్మ తగలడమో, పిట్ట వాలడమో అయివుంటుంది. ఉద్యోగమంతా నేను అదే చేశాను, చాలాసార్లు లైన్ నిలబడింది కూడా. నా గుండెకూ అదే పద్ధతి పెట్టాను. టకటక వస్తే ఆగడం, కాసేపు చూడడం, మెల్లగా పరుగు మొదలుపెట్టడం. నిలబడితే సరే.

ఎండాకాలం వచ్చేసరికి అది తరచుగా రాసాగింది. బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు మాట వరసకు దడ గురించి చెప్పాను. గుండె డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ గుంటూరు వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. ECG తీశారు. నార్మల్. 2D echo చేశారు. లెఫ్ట్ ఏట్రియం, అంటే గుండె ఎడమ పై గది, కొంచెం పెద్దదైందన్నారు. తర్వాత ఒక రోజంతా ఛాతీకి కట్టుకుని తిరిగితే గుండె లయను నమోదు చేసే Holter ఇచ్చారు. మామూలుగా చేసే పనులన్నీ చేయమన్నారు. ఖరీదైన పరికరం, చెమటకు పాడవుతుందేమోనని నేను ఆ రోజంతా కుర్చీలోనే ఉన్నాను. సబ్‌స్టేషన్‌లో మీటరును ఎంత జాగ్రత్తగా చూశానో దాన్నీ అలాగే చూసి తిరిగి ఇచ్చాను. రిపోర్టు కూడా నార్మల్ వచ్చింది.

“దడ ఉన్నప్పుడే ECG తీయించండి,” అన్నారు డాక్టరు. “వచ్చి పోయాక తీస్తే మాకేమీ కనిపించదండీ.”

అది నాకు పరుగు మధ్యలోనే వచ్చేది. పరుగు వదిలి ఎవరు పోతారు? నార్మల్ అన్న రెండు రిపోర్టులూ ఫైలులో పెట్టుకున్నాను. మా ఆవిడ అడిగితే అంతా బాగుందన్నాను.

వానలు తగ్గాక జరిగిన హాఫ్ మారథాన్‌లో రెండుసార్లు ఆగాను, రెండుసార్లూ మళ్లీ పరుగెత్తాను. మెడల్ వేసుకుని ఇంటికొచ్చి స్నానం చేసి అన్నానికి కూర్చున్నాను. పప్పు కలపబోతే కుడిచేతి వేళ్లు దగ్గరికి రాలేదు. చెయ్యి పళ్లెంలోనే ఉంది, మెతుకు పైకి రావడం లేదు. నెయ్యి వెయ్యమని చెప్పబోయాను. నోటి నుంచి వచ్చింది మాట కాదు. మా ఆవిడ లక్ష్మి గరిటె పట్టుకుని అలాగే చూస్తోంది. కాసేపటికి వేళ్లు కదిలాయి, మాట వచ్చింది. ఏమీ లేదు, అలసట అన్నాను. ముద్ద కలుపుకుని తిన్నాను కూడా.

నా మనసులో అనుకున్న మాట దాచను: ‘నిలబడింది’ అనుకున్నాను.

లక్ష్మి నాతో వాదించలేదు. బయటికి వెళ్లి మల్లేశ్‌ను పిలిచింది. అతని కారులోనే దవాఖానకు తీసుకుపోయారు. MRIలో చిన్న స్ట్రోక్ అని తేలింది. వార్డులో మానిటరు మీద ఇన్నాళ్లూ దొరకని లయ కూడా దొరికింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. అక్కడ అందరూ AF అంటారు. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతాయట. అక్కడ రక్తం నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతుంది.

“దడ తగ్గిపోయింది కాబట్టి జబ్బు తగ్గిందనుకున్నారు,” అన్నారు డాక్టరు. “ఎక్కువ సేపు పరుగెత్తేవాళ్లలో ఇది వస్తుంటుందండీ. మీకు వయసుంది, బీపీ ఉంది. ముందే దొరికుంటే రక్తం గడ్డ కట్టకుండా blood thinner ఇచ్చేవాళ్లం.”

ఆవిడ వెళ్లాక మల్లేశ్ మంచం పక్కకు వచ్చి, ఆ లేసు రోజు నుంచే ఉందా అని అడిగాడు. అవునన్నాను. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మంచానికి ఆ పక్కన కూర్చున్న లక్ష్మి నా వైపు జరిగింది.

“షిఫ్టు దిగేటప్పుడు తర్వాతి షిఫ్టుకొచ్చినోనికి చెప్పంది గేటు దాటకపోతుంటివి,” అంది. “నేను టిఫిన్ పట్టుకొచ్చి ఎన్నిమార్లు నిలబడ్డనో. లైన్ మంచిగనే ఉన్నా సరే, పొద్దుగాల గిట్లయింది, జర చూసుకో అని చెప్పేటోనివి. ఇంట్ల మాత్రం ఎవలకు చెప్పవు.”

ఆమె అన్నది నిజం. మా పనిలో ఆ నియమానికి రెండు సగాలున్నాయి. ఒకసారి చార్జ్ చేసి చూడడం మొదటిది. నిలబడినా సరే, వచ్చే మనిషికి నోటితో చెప్పి పోవడం రెండోది. నేను మొదటి సగాన్నే ఇంటికి తెచ్చుకున్నాను.

కుడిచేతికి ఫిజియోథెరపీ చేయించారు. చాలావరకు వచ్చింది. అక్షరాలు మాత్రం పెద్దవయ్యాయి, గీత మీద నిలవవు. పాత డైరీ, కొత్త డైరీ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులు రాసినట్టుంటుంది.

blood thinner మొదలైంది. గుండె వేగం తగ్గించడానికి beta blocker ఇచ్చారు. అది వేసుకుని పరుగెత్తడం నాటు వేసిన మడిలో నడిచినట్టు ఉంటుంది. కాలు లేపాలంటే ముందుగా నిర్ణయించుకోవాలి. ఆ తర్వాతి ఏడాది ablation చేశారు. తొడ దగ్గర నుంచి సన్నని తీగ పంపి గుండెలో లయ తప్పించే కరెంటు దారులను కాల్చేస్తారు. కొన్ని నెలలు బాగుంది. మెల్లగా పరుగెత్తాను, తగ్గిపోయిందని నమ్మాను. ఒక ఉదయం మంఖాల్ రోడ్డులో కుక్క అడ్డొచ్చి పడ్డాను. పాత రోజుల్లో అయితే మట్టి దులుపుకునే దెబ్బ. blood thinner వల్ల రక్తం ఆగలేదు. నుదుటికి కుట్లు పడ్డాయి, తొడంతా నల్లగా కమిలింది. ఆ దెబ్బలతో మంచం మీద ఉండగానే టకటక తిరిగొచ్చింది. ఈసారి వెంటనే చెప్పాను.

లక్ష్మి నా బూట్లు కవరులో చుట్టి అటక మీద పెట్టింది. నేను అడగలేదు. ఇంట్లో ఎవరూ పరుగు ఊసెత్తలేదు. ఉదయాలు ఎందుకు వస్తాయో తెలిసేది కాదు. మల్లేశ్ వచ్చేవాడు, టీ తాగి పోయేవాడు. అతనూ పరుగు మానేశాడని తర్వాత తెలిసింది.

చివరికి డాక్టరునే అడిగాను, ఇంకొక్క పందెం మల్లేశ్‌తో పూర్తి చేయవచ్చా అని. హాఫ్ వద్దు, పది కిలోమీటర్లు చాలు. ఆవిడ ఆలోచించారు. “పక్క మనిషితో మాట్లాడగలిగే వేగంతో అయితే సరేనండీ. ఆ ఉదయం లయ సరిగ్గా ఉంటేనే. తప్పితే మొదలుపెట్టనే వద్దు.” లక్ష్మి అటక మీది నుంచి బూట్లు తానే దించింది. నర్సును అడిగి మణికట్టు మీద నాడి చూడడం నేర్చుకుంది. రోజూ టీకి ముందు నా చెయ్యి పట్టుకునేది.

నెలల తరబడి ఆ ఒక్క పందెం కోసం బతికాను. మాట్లాడుతూ పరుగెత్తడం నేర్చుకున్నాను. మల్లేశ్ తన వేగం వదిలేసి నా పక్కనే వచ్చేవాడు. “బాపు, నీతోని ఉరికితే నాకు ఊర్లె సంగతులన్నీ తెలుస్తున్నయ్,” అని నవ్వేవాడు.

పందెం రోజు ఇంట్లో నాడి బాగానే ఉంది. జనంలో నిలబడి, బయల్దేరే ముందు మళ్లీ మణికట్టు మీద వేళ్లు పెట్టాను. ఒక దెబ్బ, రెండు దగ్గరదగ్గరగా, ఒక ఖాళీ.

“తప్పింది మల్లేశా,” అన్నాను.

“జరసేపు ఆగి చూద్దాం బాపు. తగ్గుతదేమో.”

“ఎన్నిమార్లు తగ్గలే? తగ్గినా ఇయ్యాల ఉరికేది లేదు. నువ్వు పో.”

అతను పోలేదు. మా మీది నుంచి ఒక విమానం దిగింది. ముందున్నవాళ్లంతా కదిలారు. మేమిద్దరం పక్కకు తప్పుకుని వాళ్లకు దారిచ్చాం. చొక్కాకు గుచ్చిన నంబరు కాగితం తీద్దామంటే నా వేళ్లకు పిన్నులు రాలేదు. మల్లేశ్ తీశాడు. లక్ష్మికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. “యాడున్నవో ఆడనే కూసో. వస్తున్న,” అంది.

ఆ రోజు ECGలో AF స్పష్టంగా ఉంది. మాత్ర మార్చారు. “రేపటికి సర్దుకోకపోతే గుండెకు కరెంటు షాక్ ఇచ్చి చూద్దాం. అదీ నిలవకపోతే ఈ లయతోనే ఉండాల్సి వస్తుందండీ,” అన్నారు డాక్టరు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. షాక్ ఇచ్చారు. కొన్ని వారాలు నిలిచి మళ్లీ తప్పింది. ఇప్పుడు నా గుండె ఎప్పుడూ ఆ లయలోనే ఉంటుంది. మందులు జీవితాంతం. నడుస్తాను, ఫ్లైఓవర్ ఎక్కను. పరుగు లేదు. దాని చోటులో ఇంకేదో దొరికిందని అబద్ధం రాయలేను. మల్లేశ్ మళ్లీ పరుగెత్తుతున్నాడు. మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం నడుస్తాడు.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. గుండె దడ వచ్చి దానంతటదే పోయినా, చెయ్యి పడిపోయి మళ్లీ లేచినా, పోయింది కదా అని ఊరుకోకండి. ఆ క్షణమే పక్కనున్నవాళ్లకు చెప్పండి. చెయ్యో మాటో పడిపోతే నేరుగా దవాఖానకే పొండి. దడ అయితే అది ఉండగానే, దగ్గర్లో ఎక్కడ వీలైతే అక్కడ ECG తీయించండి.

పందెం మర్నాడు ఉదయం లక్ష్మి టీ పెట్టకుండానే వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు చూసింది.

“ఎట్లుంది?” అన్నాను.

“గట్లనే ఉంది.”

చెయ్యి వదల్లేదు. మమ్మల్ని దవాఖానకు తీసుకుపోవడానికి బయట మల్లేశ్ కారు స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. గుమ్మం దగ్గర నా బూట్లు, చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. చెప్పులేసుకున్నాను.