ఉబ్బిన బ్యాటరీ

ఏలూరు పాత బస్టాండు దగ్గర సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే సుగుణకు ఎడమ అరచేతిలో కాలిన మచ్చ ఉంది. తాడేపల్లిగూడెంలో పని నేర్చుకునే రోజుల్లో, జిగురుతో అతికించి ఉన్న ఒక ఉబ్బిన బ్యాటరీని ఇనుప బ్లేడుతో పైకి లేపబోయింది. బ్లేడు గుచ్చుకుంది. గుప్పున పొగ, వెంటనే మంట.

తర్వాత సొంత షాపు పెట్టినా, అలా బ్యాటరీ ఉబ్బిన ఫోను వస్తే ఏదో సాకు చెప్పి పక్క వీధిలోని అజయ్ షాపుకు పంపేసేది. పంపిన ప్రతిసారీ మనసుకు చిన్నతనంగా ఉండేది. అందుకే పాడైపోయిన ఫోన్లు పోగుచేసి, చార్జింగ్ పూర్తిగా దిగిపోయిన బ్యాటరీల మీద ఆర్నెల్లు సాధన చేసింది.

మొన్న వానల్లో ఒక ఉదయం మండవల్లి నుంచి క్యాథరిన్ వచ్చింది. కొల్లేటి లంక గ్రామాల్లో తిరిగే ఆశా కార్యకర్త ఆమె. బ్యాటరీ ఉబ్బి ఫోను వెనక మూత పైకి లేచిపోయింది. సిగ్నల్ లేని ఊళ్లలో గర్భిణుల కార్డులను ఫొటోలు తీసుకుందట, వాటిని ఇంకా ఆన్‌లైన్‌లో ఎక్కించలేదట. అజయ్ షాపు ఆ రోజు మూసి ఉంది.

సుగుణ ఫోను ఆపేసి, అరచెయ్యి చూపించింది. "ఇలాంటిదాన్నే ఒకసారి పొడిచానండీ. మీరు కాస్త దూరంగా కూర్చోండి."

"భయంగా లేదాండీ?"

"ఉందండీ. అందుకే మెల్లగా చేస్తాను."

తలుపు బార్లా తెరిచి, ఇసుక బకెట్టు పక్కన పెట్టుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని, ముందుగా బ్యాటరీ కనెక్టరు ఊడదీసింది. ఉబ్బిన బ్యాటరీకి వేడి తగలకూడదు కాబట్టి, జిగురు కరిగించే హీట్ గన్ ముట్టుకోలేదు. అంచు కింద రెండు చుక్కలు ఆల్కహాలు వేసి, జిగురు నానేదాకా ఆగింది. పల్చటి ప్లాస్టిక్ కార్డు దూర్చి, బ్యాటరీ వంగకుండా వెంట్రుకవాసి చొప్పున జరిపింది. జిగురు మొరాయించినచోట బలం వాడక ఇంకో చుక్క వేసింది. ముప్పావుగంటకు బ్యాటరీ చదునుగా బయటికొచ్చింది. దాన్ని ఇసుకలో పెట్టి బయట గట్టు మీద ఉంచాకే ఆమె పూర్తిగా ఊపిరి పీల్చుకుంది.

కొత్త బ్యాటరీతో ఫోను వెలిగింది. ఫొటోలన్నీ ఉన్నాయి. క్యాథరిన్ అక్కడే కూర్చుని పేర్లు రాసుకుంటూ ఒక నంబరుకు ఫోన్ చేసింది.

"ఇందూ, రేపు నీకు స్కానింగు ఉందమ్మా. పొద్దున్నే పడవ దగ్గరికి వచ్చెయ్యి, నేనూ వస్తాను."

సుగుణ ఆ మాటలు వింటూ బల్ల తుడిచింది. మర్నాడు అజయ్ షాపుకు వెళ్లి, ఇకనుంచి అలాంటి ఫోన్లు తనే చూసుకుంటానని చెప్పి వచ్చింది.