చెరువు అడుగున గడపరాయి

నార్బర్ట్ జీల్కీ ఇనుప కొక్కేన్ని ఆనకట్ట తూముకు అడ్డంగా పేర్చిన పలకకు తగిలించి నడుం వంచి లాగాడు. ఏళ్లుగా నానిన ఓక్ చెక్క పలక మూలుగుతూ గాడిలోంచి పైకొచ్చింది. నీళ్లు నురగలతో వాగులోకి దూకాయి. పలకను గట్టున పడేసి నీటి పోకడ చూస్తూ నిలబడ్డాడు. తొందరపడితే ఒడ్లు విరిగిపడతాయి, బురద దిగి వాగులో చేపలు చస్తాయి. పలక పలకకూ ఆగాల్సిందే.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో పనులు దొరకని కరువు రోజుల్లో కట్టిన ఆనకట్ట అది. జిల్లా జనమంతా ఈత కొట్టొచ్చని చెప్పి నార్బర్ట్ వాళ్ల నాన్న పల్లపు పొలమూ ఇల్లూ సర్కారు తీసుకుంది. తర్వాత చెరువు ఒడ్డు చుట్టూ షికాగో వాళ్ల వేసవి ఇళ్లు లేచాయి. జిల్లా జనానికి మిగిలింది జానెడు ఇసుక ఒడ్డు. ఆ ఇళ్ల సంఘం దగ్గరే నార్బర్ట్‌కు ఈ పలకల పని.

ఏటా ఆకులు రాలే కాలంలో, పడవలు కట్టే చెక్క రేవులు బాగుచేసుకోవడానికి నీళ్లు దించుతారు. అప్పుడు నార్బర్ట్ వాళ్ల పాత ఇంటి పునాది బయటపడుతుంది, దాని ముందు గడపరాయి. అమ్మ దానిమీద కూర్చుని బఠానీలు ఒలిచేదట. నార్బర్ట్ ఏటా అక్కడే కూర్చుని సాసేజి రొట్టె తినేవాడు. దాని చోటు అదేనని ఎన్నడూ కదపలేదు. ఈసారి పలకల బదులు కాంక్రీటు గోడ పోస్తున్నారు. ఇక నీళ్లు దిగవు. అందుకే రాయిని ఇంటికి తీసుకుపోవడానికి ట్రాక్టరు తెచ్చుకున్నాడు.

నీళ్లు దిగగానే ఇళ్లవాళ్లు బూట్లేసుకుని బురదలో దిగుతారు. లంగర్లు, కుర్చీలు, కళ్లజోళ్లు, ఏది దొరికినా దొరికినవాడిదే. అది ఆ చెరువు కట్టుబాటు.

ఒక్క పలక మిగిలి ఉండగా సంఘం పెద్ద హాల్వర్సన్ బీరు డబ్బాతో గట్టుమీదికొచ్చాడు.

"ఏం పెద్దాయనా, ముసలి చేతుల్లో ఇంకా జోరుందే."

"మీ చేతులకేమైంది? డబ్బా బరువా?"

హాల్వర్సన్ నవ్వాడు. "ఇవాళ మంచి సరుకు దొరికిందిలే. ఇంత పొడుగు చదును రాయి. మా అల్లుడు జీపుకు గొలుసు కట్టి లాగాడు. చలిమంట దగ్గర బల్లగా వేస్తాం."

"పునాది ముందరిదా?"

"అవును, నీకెలా తెలుసు?"

"అది మా ఇంటి గడప. నాకిచ్చెయ్యండి. ట్రాక్టరు తెచ్చాను."

"ముందే చెప్పొద్దూ? లాగుతుంటే రెండు ముక్కలైంది. అయినా కట్టుబాటు నీకు తెలీనిదా? పోయినేడు మా ఆవిడ ఉంగరం దొరికినవాడు తిరిగిచ్చాడా?" భుజం తట్టాడు. "ఎప్పుడైనా వచ్చి కూర్చో. గేటు దగ్గర నా పేరు చెప్పు."

నార్బర్ట్ చివరి పలకకు కొక్కెం తగిలించాడు. నీళ్లు దించి రాయి దాకా దారి చేసింది తన చేతులే. నీటి పోకడను గమనించడం వదిలి పోలేక తను గట్టుమీదే ఆగితే, ఆ దారిన వాళ్లు ముందు నడిచారు. ఇప్పుడు ఈ పలకను ఒక్కసారిగా లాగి పారేయొచ్చు. లాగలేదు. కొంచెం ఎత్తాడు, ఆగాడు, మళ్లీ ఎత్తాడు.

నీళ్లు పూర్తిగా పోయాక గాడిలో బురద గీకి, నాచు తుడిచి, కాంక్రీటు పనివాళ్ల మేస్త్రీని పిలిచాడు.

"గాడి శుభ్రంగా ఉంది. పోసుకోండి."


మేస్త్రీ వంగి వేలితో గాడి తడిమి, సరేనన్నాడు.