గోడ దాటిన గొంతు

మా వీధిలో చేపలమ్మే అత్త పోయిందని నిన్న జాలారిపేట నుంచి కబురొచ్చింది. గొంతులో పుండు. పోవడానికి చాలా ముందే ఆమె గొంతు పోయింది. నాకు ఆ చావు కన్నా ఆ మౌనమే ఎక్కువ బాధ.

తొంభైల్లో ఒక కొట్లాట కేసులో మా అన్నయ్యకు జైలు పడింది. జైలు కొండ దారిలోనే కాబట్టి, ములాఖత్‌కు అమ్మా నేనూ సింహాచలం బస్సెక్కేవాళ్ళం. అదే బస్సులో అత్త. ఆమె కొడుక్కి హత్య కేసులో యావజ్జీవం. చుట్టూ భక్తులు. "దర్శనానికేనా?" అని ఎవరైనా అడిగితే తలూపి, అమ్మ వైపు వంగి, "దేవుడు అందరికీ కనిపిత్తాడొదినా, నా కొడుకే కనిపించడు" అనేది.

నిజమే. ఆమె పేరు రాయించి అందరితోపాటు లోపలికొచ్చేది. కొడుకు మాత్రం జాలీ దగ్గరికి వచ్చేవాడు కాదు. తల్లికి ముఖం చూపించలేని సిగ్గు.

ములాఖత్ అంటే రెండు ఇనుప జాలీలు, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకేసారి అరుస్తారు. చర్చిలో పాట కూడా పెదవులతోనే పాడే మా అమ్మ మాట మొదటి జాలీ కూడా దాటేది కాదు. అన్నయ్య చెవికి చెయ్యి ఆనించి నిలబడేవాడు, అమ్మ ఏడ్చేది. ఒకసారి అత్త ఆమెను పక్కకి జరిపింది.

"ఏటి సెప్పాలో నాకు సెప్పొదినా, నానరుత్తాను."

మూడంతస్తుల మేడ మీదున్న వాళ్ళని కూడా కిందికి దింపి చేపలమ్మిన గొంతది. "ఒరే బాబూ! మీ సెల్లికి పెళ్ళి కుదిరిందిరా! పిల్లోడిది దువ్వాడ!" హాలంతా ఒక్క క్షణం ఆగింది. అటునుంచి ఎవడో ఈల కూడా వేశాడు. సిగ్గుతో చచ్చాను.

ఆ తర్వాత అందరూ తమ కబుర్లు ఆమె చేతే చెప్పించుకునేవారు. అన్నీ అయ్యాక చివర్లో ఆమె ఒక్క మాట అరిచేది. "ఇయాల కానాగంత సేపలు పడ్డాయి!" అనో, "సముద్రం బాగులేదు, ఎవులూ ఏటకెళ్ళలేదు!" అనో. ఎవరికోసమో మాకు తెలిసేది కాదు.

విడుదలయ్యాక అన్నయ్య చెప్పాడు. ములాఖత్ రోజున ఆమె కొడుకు వచ్చి, మాకు కనపడకుండా హాలు గోడకి అవతల కూర్చునేవాడట. చేపల మాట వినపడ్డాకే లేచి వెళ్ళేవాడట. పరుగున వెళ్ళి అత్తకు చెప్పాను. తట్ట సర్దుకుంటూ, "తెల్సమ్మా. ఇంటన్నాడనే కదా అరుత్తన్నాను" అంది.

ఏళ్ళ తర్వాత, గొంతు పోయాక, ఆమె బదులు అరవడానికి నేను జైలుకి తోడు వెళ్ళాను. అలవాటు లేని నోరు, పెగల్లేదు. ఆమె జాలీ పట్టుకుని నిలబడింది. కాసేపటికి అవతల తెల్లబట్టల్లో, జుట్టు నెరిసిన మనిషి ఒకడు కంగారుగా వచ్చాడు. ఇన్నేళ్ళకి, తల్లి గొంతు వినపడక వచ్చాడు.

"అమ్మా! మాటాడవేటే? ఇయాల ఏటి పడ్డాయే?"

అచ్చం ఆమె గొంతే. అత్త నోరు తెరిచింది, ఏమీ రాలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండానే రెండు చేతులూ వెడల్పుగా చాచి, ఎంత పొడుగు వంజరం చేప పడిందో చూపించింది. అతను అర్థమైందని తలూపినా, ఆ చేతులు అలాగే చాచి ఉంచింది.